తిరగని కిలోమీటర్లు

ఆ వారం రోజులూ రామకోటేశ్వరరావు ఇంటి గడప దాటకుండానే దివిసీమ అంతా తిరిగాడు. సాయంత్రం దుకాణం కట్టేసి పటమట చేరి, కాళ్ళు కడుక్కుని బాల్కనీలో కూర్చుంటే చాలు, భార్య కనకలక్ష్మి నోటుపుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేది. అక్కణ్ణుంచి ఇద్దరూ బయలుదేరేవారు.

దీనికంతటికీ మూలం ఒక లెక్క. రామకోటేశ్వరరావుకు గవర్నర్‌పేటలో మోటారు పంపుల విడిభాగాల దుకాణం ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, లెక్క చూసుకోనిదే మంచినీళ్ళు కూడా తాగడు. పద్ధెనిమిదేళ్ళ కిందట కొన్న తెల్ల కారు ఒకటుంది గానీ, దాన్ని ఆయన వాడుకున్నది తక్కువ, దాచుకున్నది ఎక్కువ. వెండి కంచం బీరువాలో పెట్టి స్టీలు కంచంలో తినేవాళ్ళలాగా రోజూ స్కూటర్ మీదే దుకాణానికి పోయేవాడు. కారు పెళ్ళిళ్ళకు, ఆస్పత్రికి, ఏడాదికి రెండుసార్లు పామర్రులో ఉన్న అక్కగారింటికి. పామర్రు దాటితే మాత్రం ఆయనకు దాని మీద నమ్మకం లేదు. కొన్న కొత్తలో ఒకసారి పామర్రు దాటి కూచిపూడి వైపు మళ్ళగానే ఆగిపోయి, మిట్టమధ్యాహ్నం గంటసేపు రోడ్డు మీద నిలబెట్టింది. అప్పటినుంచి ఆయనకు సంబంధించినంతవరకు భూమి పామర్రు దగ్గరే అయిపోయింది.

కనకలక్ష్మిది కంకిపాడు. కాలువ పక్కన పెరిగిన పిల్ల. పెరట్లో బంతిపూలు కోసి నీళ్ళలో వేసి, “ఇవెక్కడికి పోతాయే అమ్మా?” అని అడిగితే, “సముద్రంలోకి” అనేదట తల్లి. ఆ సముద్రాన్ని, కృష్ణ అందులో కలిసే చోటును ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె కోరిక. హంసలదీవి ఏమంత దూరం? గట్టిగా వంద కిలోమీటర్లు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మొదటి సగం దుకాణం ఊపిరాడనివ్వలేదు. కారు వచ్చాక మూడు నాలుగుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: “మన బండి అంత దూరం రాదు కనకం.” పోనీ బస్సులో పోదామంటే, “కారు పెట్టుకుని బస్సెక్కితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?” కారుంది కనుక బస్సు లేదు, కారు వల్ల ప్రయాణమూ లేదు. ఇంత అందమైన చిక్కుముడి వేయడం మొగుళ్ళకే చేతనవుతుంది.

ఈసారి ఉగాదికి ముందు, బెంజ్ సర్కిల్ దగ్గరి షోరూమువాళ్ళు కరెంటు కారు ఒకటి చూపించారు. పాత బండి ఇచ్చేస్తే నలభై వేలు తగ్గిస్తారట, అదీ ఆదివారం దాకానే. రామకోటేశ్వరరావు నోటుపుస్తకం తీశాడు. పాతదానికి కిలోమీటరుకు పెట్రోలు ఎనిమిదిన్నర రూపాయలు, కొత్తదానికి కరెంటు రూపాయిన్నర. ఏడు రూపాయలు మిగులు. కానీ కొత్తదాని బీమా, ఏటేటా పడిపోయే దాని ధర కలుపుకుంటే నెలకు తొమ్మిది వేల ఎనిమిది వందలు అదనపు బరువు. ఆయన పెన్నుకు మూత పెట్టి తీర్పు చెప్పాడు.

“నెలకు పధ్నాలుగొందల కిలోమీటర్లు తిరిగితేనే కొత్తది గిట్టుబాటు. మనం తిరిగేది రెండొందలు. అంచేత పాతదే మేలు.”

“అయితే తిరుగుదాం” అంది కనకలక్ష్మి.

ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. “ఎక్కడికి తిరుగుతామే, పధ్నాలుగొందలు!”

“ఆదివారం దాకా టైముందిగా. నేను రాస్తాను, మీరు కూడండి.”

మొదటిరోజు ఒక్క ఊరే రాసింది. హంసలదీవి, రానూ పోనూ రెండు వందలు. రెండోరోజు నాగాయలంకలో పడవ, పెడనలో అద్దకం చీరలు. మూడోరోజు కొల్లేటి పక్షులు. రామకోటేశ్వరరావు ముందు నవ్వుకుంటూ కూడాడు. తరవాత నవ్వడం మానేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊళ్ళ రైతులకే పంపుసామాను అమ్ముతున్నాడు. కోడూరువాళ్ళ పంపులకు ఏ సైజు వాషర్లు పడతాయో తెలుసు గానీ, కోడూరు ఎలా ఉంటుందో తెలియదు.

“అక్కడ గాలికే నట్లు తుప్పు పట్టిపోతాయట” అన్నాడు ఒక సాయంత్రం, ఎవరో రైతు చెప్పింది గుర్తొచ్చి.

“ఉప్పు గాలి” అంది కనకలక్ష్మి కళ్ళు మూసుకుని. ఆ గాలి అప్పుడే తగులుతున్నట్టు చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

ఆమె రాసిన దారుల్ని ఆయన అలవాటుకొద్దీ దిద్దబోయాడు. “అవనిగడ్డకు పామర్రు మీదుగా ఎందుకే, కరకట్ట మీద పోతే దగ్గరగా!”

“దగ్గర మనకెందుకండీ? మనకు కావాల్సింది దూరం కదా.”

నిజమే. జన్మంతా దగ్గరి దారులు వెతికిన మనిషి ఆ రాత్రి భోజనాల వేళకు, “పోయేటప్పుడు కరకట్ట, వచ్చేటప్పుడు మొవ్వ మీదుగా వద్దాం. ఇంకో నాలుగు కలుస్తాయి” అనే స్థితికి వచ్చేశాడు. నది మీది నుంచి చల్లగాలి వచ్చేది. కింద ఆటోల రొద ఎక్కడో దూరమైపోయేది. తోట్లవల్లూరు అరటితోటల నీడలో, ఎడంపక్క ఆరబోసిన పసుపు కొమ్ముల వాసనలో, కుడిపక్క తెల్లటి ఇసకమేటల వెంబడి ఇద్దరూ వెళ్తుండేవారు. మాటల మధ్య ఊరుకునేవారు. ఊరుకున్నప్పుడు కూడా బండి నడుస్తూనే ఉండేది. ఇంత సుఖంగా భార్య పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు లేదు.

శుక్రవారానికి పదకొండు వందల అరవై తేలాయి. ఇంకా రెండు వందల నలభై తక్కువ. తన లెక్కే గెలిచినందుకు సంతోషించాల్సింది పోయి ఆయనకు దిగులేసింది.

శనివారం పొద్దున పాత కారు తీసుకుని ఆటోనగర్ వెళ్ళాడు. షోరూమువాళ్ళు చెప్పిన నలభై వేలు న్యాయమో కాదో తెలుసుకోకపోతే ఆయన రామకోటేశ్వరరావే కాదు. ఎవరో చెప్పిన మస్తాన్‌వలి అనే మెకానిక్ బానెట్ ఎత్తాడు, ఇంజను చప్పుడు విన్నాడు, మీటరు వంక రెండుసార్లు చూశాడు.

“మీటరు మార్పించారా సార్?”

“లేదయ్యా.”

“పద్ధెనిమిదేళ్ళకి నలభై ఆరు వేలేనా?” మస్తాన్‌వలి బండిని ఆటోనగర్ చుట్టూ తిప్పి తెచ్చి, తాళం చేతిలో పెట్టాడు. “ఇంజను పెళ్ళికూతురిలాగుంది సార్. కాశీ పోయి రమ్మన్నా పోయొస్తుంది. అసలు దీన్నెక్కడికీ తీసుకెళ్ళలేదా?”

“పామర్రు దాటితే ఆగిపోద్దయ్యా.”

“పామర్రేదో బందరేదో బండికేం తెలుసు సార్! ఎన్నిసార్లు ఆగింది?”

“ఒక్కసారి.”

“ఎందుకాగింది?”

అప్పుడు గుర్తొచ్చింది. గంటసేపు నిలబడ్డాక అటుగా పోతున్న లారీ క్లీనరొకడు దిగి, వదులైన బ్యాటరీ వైరు బిగించి, పది రూపాయలిస్తే వద్దని నవ్వుతూ వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల పని. ఆ గంట ఎండ సంగతి ఆయన ఊరందరికీ చెప్పాడు. ఆ రెండు నిమిషాల సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పకుండా చెప్పకుండా తనే మరిచిపోయాడు.

ఆటోనగర్ టీకొట్టు ముందు బండి ఆపుకుని చాలాసేపు కూర్చున్నాడు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరిగినట్టయింది. తిరగనన్నది బండి కాదు, తను. ఖర్చని, ఎండని, దుకాణమని, తనకు కదలబుద్ధి కాలేదు. ఆ మాట చెప్పే ధైర్యం లేక నేరం ఇనుము మీద మోపాడు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రేపు కొత్త కారు కొనేస్తే సరి. ఆ రెండు వందల నలభై ఎలాగోలా తనే కలిపేస్తే, కనకం సంతోషిస్తుంది, సముద్రమూ చూస్తుంది. పాత బండి ఎవరి చేతికో పోతుంది, దానితో పాటు ఈ సంగతీ పోతుంది. అన్నీ సరిపోయే లెక్క. ఇంత చక్కగా సరిపోయినందుకే ఆయనకు తన మీద తనకు అసహ్యమేసింది.

ఇంటికొచ్చేసరికి కనకలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుని నోటుపుస్తకం ముందు కూర్చుని ఉంది.

“ఘంటసాల రాశానండీ. అయినా చాలడం లేదు.”

“కనకం, బండి బాగానే ఉంది” అన్నాడు నిలబడే.

“అంటే?”

“సముద్రం దాకా పోతుంది. ఎప్పుడైనా పోయేదే. ఆరోజు ఆగింది ఒక వైరు వదులై. అంతే. బండి రాదని నేనే అన్నాను. నాకే కదలబుద్ధి కాలేదు.”

ఆమె కళ్ళజోడు తీసి పుస్తకంలో పెట్టింది. లేచి బాల్కనీలోకి వెళ్ళి కింద నిలబెట్టిన తెల్ల కారు వంక చూస్తూ ఉండిపోయింది. ఆయన వెనకే వెళ్ళి నిలబడ్డాడు. తిట్టినా బాగుండుననిపించింది.

“పాపం” అంది చివరికి.

“ఎవరు?”

“ఆ బండండీ. ఇన్నేళ్ళూ దాన్ని తిట్టుకున్నాను. అమ్మవారి కొండెక్కి కింద కృష్ణను చూసినప్పుడు కూడా తిట్టుకున్నాను.”

“ఇప్పుడు నన్ను తిట్టు.”

“తిట్టకుండా వదుల్తాననుకున్నారా? వంద కిలోమీటర్లుంది కదా, తీరిగ్గా తిడతాను. పదండి, చీర మార్చుకొస్తాను.”

ఉయ్యూరు దాటేటప్పటికి ఎండ కాస్త వాలింది. ఆమె కిటికీ అద్దం దించి కూర్చుంది. ఆయన తిట్ల కోసం ఎదురుచూస్తూ నడిపాడు. పామర్రు వచ్చింది, వెనక్కి పోయింది. కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి. మినుము తీసేసిన పొలాలు, కాలువ గట్ల మీద తాటిచెట్లు, గేదెల మీద కొంగలు. అవనిగడ్డ దాటాక గాలి మారింది. అందులో ఉప్పుంది.

“ఏమండీ” అంది కనకలక్ష్మి, తల ఇటు తిప్పకుండానే.

ఇదిగో మొదలైందనుకుని ఆయన రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

“కాస్త నెమ్మదిగా పోనివ్వండి. దారి అయిపోతోంది.”