ఫైనల్ మా గ్రౌండులో కాదు

నేను ఒక ఇనుప రోలర్‌ని. పొట్ట నిండా కాంక్రీటు. నలుగురు కలిసి లాగితే గానీ కదలను, ఆ మాత్రం పొగరు నాకుంది. ఏదో ఫౌండ్రీలో పోతపోశారు. కొన్నేళ్లు రోడ్డు పనుల్లో తిరిగాను. ఇంజను రోలర్లు వచ్చాక నన్ను పక్కన పడేస్తే, అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ హాకీ గ్రౌండుకు వచ్చిపడ్డాను. ఆట అయ్యాక అమ్మాయిలంతా కలిసి నన్ను లాగడం ఇక్కడి ఆనవాయితీ. ఆ పది నిమిషాలు తప్ప నాతో ఎవరికీ పని ఉండదు. మిగతా పొద్దంతా గోడవారన ఎండలో కాగుతూ పడి ఉంటాను.

గ్రౌండ్‌మ్యాన్ ఓబులేసు ముప్పై ఏళ్లుగా ఈ ఎర్రమట్టికి నీళ్లు చల్లుతున్నాడు. అయిదు కాలేజీల లీగ్ ఫైనల్ ఒక్కసారైనా ఇక్కడ జరగాలని అతని కోరిక. ఈ ఏడాది మా అమ్మాయిలు ఫైనల్ చేరారు. అది ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆటలు చూసే అయిదుగురు పీడీ సార్లూ మా గ్రౌండుకే వస్తున్నారని తెలిసి, ఓబులేసు మూడు రోజులు అమ్మాయిలను వెంటేసుకుని నన్ను తిప్పిన తిప్పుడుకి నా ఇరుసు అరిగిపోయింది.

వచ్చినవాళ్లు టీ తాగి, గ్రౌండులో కాలు పెట్టకుండానే గ్రౌండు గురించి గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరు ఇక్కడే అన్నారు. ఇద్దరు నగరంలోని టర్ఫ్, అదే ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండు, అన్నారు. మిగిలింది మా పీడీ రామసుబ్బయ్య సార్ మాట. ఓబులేసు టీ గ్లాసులు ఏరే వంకతో అక్కడక్కడే తచ్చాడాడు.

సార్ కెప్టెన్ రుక్సానాను పిలిచి, "నువ్వు చెప్పు పాపా, యాడ ఆడదాం?" అన్నాడు.

ఆ పిల్ల ఓబులేసు వైపు చూసి తల దించుకుంది. "ఈడైతే గెలుస్తాం సార్, ఈ మట్టి మనకు అలవాటే. కానీ పోయినేడు టర్ఫ్ మీద ఆరు గోల్స్ తిన్నాం. బయట టోర్నమెంట్లన్నీ దాని మీదే గదా. ఆడే పెట్టండి సార్."

"పాప చెప్పిందే కరెక్టు సార్," అన్నాడు ఓబులేసు, ఎవరూ అడక్కపోయినా. గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఎంత ఆలోచించినా ఆ పిల్ల మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదింకా మంట.

ఫైనల్ రోజు కాలేజీ మొత్తం బస్సులెక్కింది. రుక్సానా ఓబులేసు దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వూ రా," అని బతిమాలింది.

"పనుంది పాపా. మీరు పోయి రాండి."

పనేమీ లేదు. నీళ్లు చల్లలేదు, గీతలు గీయలేదు. నా మీద తువ్వాలు పరుచుకుని, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి అది మోగింది. విన్నాడు. "సరేలే పాపా, ఏడవద్దు," అని పెట్టేశాడు. కాసేపటికి నా ఇనుము మీద చేత్తో తట్టి, "ఒక్క గోలుతో పోయిందంట," అన్నాడు.

ఎవరితో అంటున్నాడా అని చూశాను. గ్రౌండులో నేను తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్లలో ఒక మనిషి నాతో మాట్లాడటం అదే మొదలు. తిరిగి ఒక్క మాట అనే నోరు నాకు లేకపోయిందే అని ఆ రోజు పడినంత బాధ మరెప్పుడూ పడలేదు.