చన్నీళ్ల గిన్నె

తొట్టిలోని నీళ్లు సరిగా కాగాయో లేదో తిమ్మక్క కుడిచేతి మూడు వేళ్లు ముంచి చూస్తోంది. ఆదివారమే అయినా, అందరూ విహారయాత్రకు బయలుదేరేలోగా, ముందునాడు మిగిలిన పట్టుగూళ్లను ఒక విడత ఉడికించి దారం తీయవలసి ఉంది. వేళ్లు ముంచి, క్షణమాగి, పైకి లేచే ఆవిరి వంక చూసి, చాలన్నట్టు తల ఊపింది. పొయ్యి ముందు కూర్చున్న నేత్ర మంట తగ్గించింది.

చిక్కబళ్లాపురం శివారులోని ఆ షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా నీళ్ల సంగతి తేల్చేవి తిమ్మక్క వేళ్లే. ఉడుకునీళ్లలో తేలే గూళ్లను కదిలించి, కంటికి ఆనని పోగు కొసను పట్టి పైకి లాగే ఆ వేళ్ల చర్మం తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, గోళ్ల చుట్టూ చీలి ఉండేది. దారం తీసే ఆడవాళ్లందరి పక్కనా చన్నీళ్ల గిన్నె ఉంటుంది; చురుక్కుమన్నప్పుడల్లా వేళ్లు అందులో ముంచుకుంటారు. తిమ్మక్క సత్తుగిన్నె మాత్రం శివరాత్రి నాటి నుంచి ఎండిపోయి ఉంది. ఆమెకు ఇక కాలడం లేదు. అది తన పనితనమని ఆమె అనుకుంది. తక్కినవాళ్లూ అలాగే అనుకున్నారు.

ఆ నమ్మకం నుంచే మిగిలినదంతా వచ్చింది. నెలరోజులుగా గూళ్లు మితిమీరి ఉడికి, పోగులు తెగిపోతున్నాయి. చూసింది తిమ్మక్క కనుక తప్పు నీళ్లది కాదు. గూళ్లు ఎప్పుడూ కొనే రకమే. ఇక మిగిలింది మంట. మంట వేసేది నేత్ర. సోమవారం నుంచి పనికి రావద్దని యజమాని నంజప్ప ఆమెకు చెప్పేశాడు. యాత్రకు మాత్రం రమ్మన్నాడు. ఏటా వేసవిలో పనివాళ్లను వ్యానులో తిప్పి తీసుకురావడం ఆయన తండ్రి నాటి అలవాటు. ఇంట్లో కూలి తెచ్చేది తానొక్కతే అయినా నేత్ర బతిమాలలేదు. మంట సంగతి తనకేం తెలుసునని తిమ్మక్కా ఊరుకుంది.

బాగేపల్లి దగ్గర గడిదం గుడి చూసి, పులిహోర పొట్లాలు విప్పి తిని, తిరిగి వస్తూండగా మధ్యాహ్నం మూడింటికి వ్యాను పేరేసంద్రలో ఆగింది. హైవే పక్కన ఒక తోపుడుబండి, దాని మీద ఐసుపెట్టె. ఉప్పు చల్లిన మంచుగడ్డల మధ్య నుంచి బండివాడు ఎర్రటి పుల్ల ఐసులు తీసి ఇస్తున్నాడు. వ్యాను దిగని పెద్దవాళ్ల కోసం తిమ్మక్క నాలుగు తీసుకుంది. పుల్లలు చేతిలో నిలవకపోవడంతో ఐసులనే పిడికిట బిగించి పట్టుకుని, నేత్ర వంతు వచ్చేదాకా ఎండలో నిలబడింది. మంచునీళ్లు మణికట్టు మీదుగా కిందికి కారసాగాయి.

"ఏం తిమ్మక్కా, పట్టుకునేదానికి పుల్లుండాది గదా. చెయ్యి కొంకర్లు పోలేదా?" అంది నేత్ర.

"ఉడుకునీళ్లకే జంకని చెయ్యి, ఐసుకు జంకుతాదా?"

నవ్వబోయి తిమ్మక్క ఆగిపోయింది. మోచేతి మడతను చేరిన చుక్క జివ్వుమంది. అక్కడ చల్లగా ఉంది, పిడికిట్లో లేదు. మూడు ఐసులు నేత్రకు ఇచ్చి, నాలుగోదాన్ని మోచేతి మడతకు ఆనించుకుంది. ఒళ్లు జలదరించింది. వేలికొసలకు ఆనించుకుంది. ఏమీ లేదు. వేడిని ఓర్చుకున్న చెయ్యి చలినీ ఓర్చుకుంటుందని ఇంకొకరైతే సర్దుకుందురు. ఆమె సర్దుకోలేకపోయింది. ఓర్చుకోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఇన్నాళ్లూ తాను ఆవిరిని చూసి, అలవాటు కొద్దీ తల ఊపింది. ఆ ఊపుకే గూళ్లు చెడ్డాయి. ఆ ఊపుకే నేత్ర పని పోయింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న పీట పోతుంది. భర్త పోయిన తరువాత ఆమెకు ఈ ఊళ్లో ఉండేందుకు ఆ పీట తప్ప వేరే కారణం లేదు. చేతిలోని ఐసు కరిగి ఉత్త పుల్ల మిగిలేదాకా అలాగే నిలబడి, అప్పుడు నంజప్ప దగ్గరికి నడిచింది. ఆయన వ్యాను నీడలో, పొగలు కక్కే స్టీలు గ్లాసును తువ్వాలుతో పట్టుకుని టీ ఊదుకుంటున్నాడు.

"అప్పా, తప్పు నేత్రది కాదు. నీళ్లు మరిగిపోతాంటే గూడా చాలని చెప్పింది నేను. నా వేళ్లకు ఏమీ తెలీడంలేదు."

"ఎండకు అలిసిపోయినావు. పోయి వ్యానులో కూర్చో తిమ్మక్కా."

ఆమె ఆ గ్లాసు అందుకుని, వేళ్లు చుట్టి పట్టుకుంది. తువ్వాలు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఇది కాగిండాదో, చల్లారిండాదో, నువ్వు చెప్తేనే నాకు తెలిసేది."

నంజప్ప గబుక్కున గ్లాసు లాక్కున్నాడు. ఎర్రబడిన ఆ వేళ్లను చూశాడు. షెడ్డు ఊడ్చే పనైనా ఇస్తాను, ఉండమన్నాడు.

"వద్దప్పా. నా పీట నేత్రకియ్యి. కాలితే తెలిసే చెయ్యే ఆడ ఉండల్ల."

సాయంత్రం వ్యాను షెడ్డు ముందు ఆగింది. రేపు పనికి రమ్మని నంజప్ప నేత్రకు చెప్పాడు. అందరూ దిగి ఇళ్లకు వెళ్లాక కూడా తిమ్మక్క కొంతసేపు షెడ్డులోనే ఉంది. తరువాత సంచీ తీసుకుని చింతామణి బస్సెక్కింది. చెల్లెలింటికని వ్యానులోనే చెప్పింది, ఎన్నాళ్లకని ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున నేత్ర వచ్చేసరికి తొట్టి ముందు పీట వేసి ఉంది. దాని పక్కన, కుడిచేతికి అందేంత దూరంలో, మూడు నెలల దుమ్ము కడిగిన సత్తుగిన్నె ఉంది, అంచుదాకా చన్నీళ్లతో.