నల్లగుట్ట కుక్కర్ కూత

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. అల్యూమినియం ఒళ్ళు, నల్లటి పిడి, మూత చుట్టూ రబ్బరు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. అంతరిక్ష వైద్య సేవలో పనిచేశానంటే మీరు దీపాలూ మీటలూ ఉన్న గొప్ప యంత్రాన్ని దేన్నో ఊహించుకుంటారు. అలాంటి యంత్రమూ మా ఓడలో ఉండేది. దాని సంగతీ వస్తుంది.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కన. అక్కణ్ణించి తెనాలిలో ఒక పెళ్ళికి కానుకగా వెళ్ళాను. మనుషులకు కుక్కర్ ఇవ్వడమంటే ఇష్టం, పుచ్చుకోవడమంటే కష్టం. ఆ పెళ్ళికూతురికి అప్పటికే అలమర నిండా మా జాతే. రంగు కాగితం విప్పకుండానే నన్ను ఇంకో పెళ్ళికి తోలేసింది. వాళ్ళు మరో గృహప్రవేశానికి తోలేశారు. అలా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నేను చూడని శుభకార్యం లేదు, ఉడికించిన మెతుకూ లేదు. చివరికి ఒక మేనత్త చేతిలో పడ్డాను. ఆవిడ మేనకోడలు రోదసి ఓడలో ఉద్యోగానికి పోతోంది. "అక్కడ కూరలు గొట్టంలోంచి పిండుకుని తింటారంట గదా, ఏం ఖర్మమే. ఇది పట్టుకెళ్ళు" అని నన్ను అంటగట్టింది.

ఆ మేనకోడలే డాక్టర్ పేరిందేవి. ఆపరేషన్ల డాక్టరు. నలభై దాటిన మనిషి. ఆవిడ కత్తికన్నా నోరు పదునని ఓడలో అందరూ అనేవాళ్ళు. నిజమే, కానీ ఆ రెండింటితోనూ ఆవిడ ఎవరి ప్రాణమూ తియ్యలేదు.

ఆవిడ చేరిన కొలువు పేరు దిగంత వైద్య సేవ. మనుషులు భూమి మీద కొట్టుకోవడం చాలక గ్రహాల మీదా గుట్టల మీదా కూడా కొట్టుకుంటారు కదా, అక్కడికి వెళ్ళి దెబ్బ తిన్నవాళ్ళకు కట్టు కట్టడం దాని పని. ఆయుధం పట్టకూడదు, ఏ పక్షమూ వహించకూడదు. కొట్టుకునే రెండు పక్షాలూ ఏ విషయంలోనూ ఒప్పుకోవు గానీ, ఒక్కదాంట్లో మాత్రం ఏకాభిప్రాయానికి వస్తాయి: ఈ డాక్టర్లు అవతలివాళ్ళ మనుషులు.

మా ఓడకు ఏదో గంభీరమైన పేరుండేది. నిత్యం ఎక్కడో ఒక చోట గొణుగుతూ ఉంటుందని దాన్ని అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. నడిపేది యోహాను, నరసాపురం మనిషి. ఆవిరి పట్టే వంటపాత్రలు ఓడలోకి ఎక్కించకూడదని నియమం. తనిఖీ అధికారి నన్ను ఎత్తి చూసి ఇదేమిటని అడిగితే, యోహాను మెడలో సిలువ వేలాడుతుండగానే "పూజ సామానండీ" అన్నాడు. అధికారి చెప్పులు విడిచినంత పని చేసి నన్ను మెల్లగా కింద పెట్టాడు.

ఓడలో నా బతుకు బాగానే సాగింది. ఆదివారం పప్పు, మధ్యలో ఎప్పుడైనా బిర్యానీ అని యోహాను పిలుచుకునే పదార్థం. తర్వాత నల్లగుట్టకు పొమ్మని పిలుపొచ్చింది.

నల్లగుట్ట అంగారకుడికి అవతల తిరిగే ఒక రాతిముద్ద. ఖనిజం తవ్వడానికి అక్కడికి పోయినవాళ్ళు ఒకప్పుడు తెలంగాణ బొగ్గుబావుల్లో పనిచేసినవాళ్ళ మునిమనవలు. గాలి బయట లేదు, సొరంగాల్లోపల నింపుకుని బతుకుతారు. పైసొరంగంవాళ్ళు కొందరు, కిందిసొరంగంవాళ్ళు కొందరు. రెంటికీ నడుమ మంచు పొర ఒకటుంది. గుట్ట మొత్తానికి నీళ్ళు అందులోంచే రావాలి. అది మాదంటే మాదని కొట్లాట మొదలైంది. తుపాకులు లేకపోతే రేకులకు రివెట్లు దిగ్గొట్టే పనిముట్లనే తుపాకులు చేసుకున్నారు. మనిషికి చంపాలన్న కోరిక పుడితే చేతికందిందల్లా ఆయుధమే. నన్ను కూడా ఎవరో ఒకరి నెత్తిన మోదకుండా ఉండడమే ఆశ్చర్యం.

పైసొరంగం నాయకుడు ఓదెలు గేటు దగ్గరే మమ్మల్ని ఆపాడు. గడ్డం నెరిసిన మనిషి, భుజాన రివెట్ తుపాకి. సామానంతా విప్పించాడు. పనిముట్లను శుద్ధి చేసే మా గొప్ప యంత్రం దగ్గరికొచ్చేసరికి దాని ఎర్ర దీపమూ పచ్చ దీపమూ చూసి అతనికి అనుమానం వచ్చింది.

"ఇదేంది?"

"కత్తులూ కత్తెర్లూ శుభ్రం చేసేది" అంది పేరిందేవి.

"కత్తెర్లు కడగనీకి ఇన్ని లైట్లెందుకు? కిందోళ్ళకు మా మాటలు చేరేసే మిషినేమో. ఇది మాతాన ఉంటది."

ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. యంత్రాన్ని ఇద్దరు మోసుకుపోయారు. నన్ను మాత్రం ఓదెలు ఎత్తి, మూత తీసి, వాసన చూసి, "పప్పు" అని పక్కన పెట్టాడు. నా జీవితంలో నన్ను అంత సరిగ్గా గుర్తుపట్టిన అధికారి ఇంకొకడు లేడు.

రెండు సొరంగాలు కలిసేచోట పాత క్యాంటీన్ ఉంటే అదే ఆసుపత్రి అయింది. మొదటి రోగి రాకముందే పేరిందేవి నన్ను పొయ్యి మీద పెట్టి, లోపల కందిపప్పుకు బదులు కత్తెర్లూ పట్టకార్లూ పేర్చింది. అవమానంగానే అనిపించింది. అంతకన్నా పెద్ద చిక్కొచ్చింది. ఆ గుట్ట మీద ప్రతిదీ తేలికే. నా నెత్తిమీది వెయిట్ కూడా దూదిపింజలా అయిపోయి, ఆవిరి సరిగ్గా పట్టకుండానే లేచిపోతోంది. యోహాను చూసి చూసి, ఒక లావుపాటి ఇనుప నట్టు తెచ్చి దానికి తీగతో కట్టాడు. ఆవిరి బాగానే పట్టింది. నా గొంతే మారిపోయింది. ఆటోనగర్‌లో నేర్చిన సన్నటి ఈల పోయి, దున్నపోతు రంకెలాంటి కూత వచ్చింది.

ఆ కూత వినగానే సొరంగాల్లో తుపాకులు ఆగిపోయాయి.

ఎందుకో తర్వాత తెలిసింది. గోడ పగిలి గాలి బయటికి పోతుంటే మోగే ప్రమాదపు సైరను అచ్చం అలాగే ఉంటుందట. పైవాళ్ళూ కిందివాళ్ళూ ఒకేసారి తుపాకులు వదిలేసి ఊపిరి ముసుగులు తగిలించుకున్నారు. గుట్టంతా ముసుగులు వేసుకుని, గాలి ఎక్కడ పోతోందో తెలియక, ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంది. సంగతి తెలిశాక ఓదెలు మనిషిని పంపాడు: ఆ కూత బంద్ చెయ్యమని. కత్తెర్లు ఉడకబెట్టడం ఆపనని, కావాలంటే తన యంత్రం తనకిచ్చెయ్యమని పేరిందేవి తిరుగు జవాబు పంపింది.

ఆ గొడవ అలా నడుస్తుండగా కిందివైపు నుంచి ఒక ఆడమనిషిని మోసుకొచ్చారు. పేరు సారక్క. మంచు తేవడానికి పోతే తొడలో రివెట్ దిగింది. రక్తం ఆగడం లేదు. యోహాను బట్ట పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. పనిముట్లు నా లోపల ఉడుకుతున్నాయి. ఇంకాస్త సేపు ఉడకాలి. అంతలో ఓదెలు తన తమ్ముడు సమ్మయ్యను వీపున మోసుకుని వచ్చాడు. అతని మోకాలి కింద ఎముక నుగ్గయింది, పాదం నల్లబడుతోంది.

ఒకే జాతర తల్లుల పేర్లు పెట్టుకుని ఇద్దరూ పక్కపక్క బల్లల మీద పడుకున్నారు.

"డాక్టరమ్మా, ముందుగాల మా తమ్మున్ని జూడు" అన్నాడు ఓదెలు.

పేరిందేవి ఇద్దర్నీ చూసింది. "ముందు ఆవిడ. ఆలస్యమైతే ఆవిడ పోతుంది. మీ వాడు ఆ తర్వాత."

ఓదెలు తుపాకి డాక్టరుకు గురిపెట్టాడు. "తర్వాత అనే మాట లేదు. కత్తెర్లు తియ్యి."

"ఇంకా కాలేదు బాబూ. సగం ఉడికినవి వాడితే చీము పట్టి ఇద్దరూ పోతారు. తుపాకి పక్కన పెట్టి ఆ దీపం పట్టుకో."

"అన్నా" అన్నాడు సమ్మయ్య పళ్ళ బిగువున. "తుపాకి దించు. ఆమె నెత్తురు కారుడు నాకు కనవడుతలేదా. నేను ఆగుత."

"నువ్వు సప్పుడు చెయ్యకు. ఈమె కావాల్నని ఆలస్యం చేస్తున్నది." ఓదెలు నా వైపు తిరిగాడు. "మూత నేనే తీస్త."

పేరిందేవి వద్దని అరిచేలోపే అతను నా నెత్తిమీది నట్టును వట్టి చేత్తో పట్టి పీకేశాడు. నాకు కోపం వచ్చిందని అనుకోకండి. ఆవిరికి కోపతాపాలుండవు, దారి దొరికితే పోతుంది, అంతే. ఆ దారిలో అతని అరచెయ్యి ఉంది. తుపాకి నేలమీద పడింది. నల్లగుట్ట సైన్యాధిపతి క్యాంటీన్ కుళాయి కింద చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లాడిలా గెంతులు వేశాడు. సారక్క అంత నెత్తురు పోతున్నా తల తిప్పి చూసి, "మంచిగైంది" అంది.

నేనూ నవ్వేదాన్నే. కానీ ఆవిరంతా పోయింది. లోపల ఉన్నవి మళ్ళీ మొదటినుంచీ ఉడకాలి. పేరిందేవి అతన్ని ఒక్క మాట అనకుండా నీళ్ళు పోసి, మూత బిగించి, నట్టు పెట్టి, మంట పెంచింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి అనకుండా ఉంటే భయమేస్తుంది. ఓదెలుకూ వేసినట్టుంది. కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, చెప్పకుండానే రెండో చేత్తో దీపం పట్టుకున్నాడు. అందరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. అన్ని శుభకార్యాలు తిరిగాను గానీ, నావైపు అంతమంది అంత ఆశగా చూసింది అప్పుడే.

సారక్క బతికింది. ఆవిడ రక్తనాళం కుట్టి, పనిముట్లు మళ్ళీ ఉడికించి సమ్మయ్య దగ్గరికి వచ్చేసరికి పాదం చల్లబడిపోయింది. మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది. దీపం పట్టుకున్న చెయ్యి కదలకుండా ఓదెలు అంతా చూశాడు.

తర్వాత పేరిందేవి అతని అరచేతికి మందు రాస్తుంటే మెల్లగా అడిగాడు: "డాక్టరమ్మా, నేనది పీకకపోతే వాని కాలు దక్కునా?"

ఆవిడ మందు రాస్తూనే ఉంది. "చెప్పలేం బాబూ. ఎముక బాగా నుగ్గయింది" అంది.

అంతకు ముందు, ఓదెలు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని ఉన్నప్పుడు, మంట పెంచుతూ ఆవిడ యోహానుతో గొంతు తగ్గించి అన్న మాట నేను విన్నాను. "కాలు పోయింది యోహానూ. ఇప్పటిదాకా ఉండింది." ఓదెలుకు చెప్పిన ఆ జవాబు తప్ప, పేరిందేవి అబద్ధమాడగా నేను ఇంకెప్పుడూ వినలేదు.

మర్నాడు ఓదెలు మా శుద్ధియంత్రాన్ని తనే మోసుకొచ్చి దించాడు. దాన్ని ఊడదీసి చూసి మళ్ళీ బిగించినట్టున్నారు, రెండు దీపాలూ ఒకే రంగులో వెలుగుతున్నాయి. అయినా పనిచేసింది. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఓదెలు గుమ్మంలో నిలబడి, "ఆ కుక్కర్ కూత మాత్రం బంద్ చెయ్యకు" అన్నాడు. "కూత ఇనవడ్డంతసేపు మావోళ్ళు కాల్చరు. కిందోళ్ళకు గూడ చెప్పు." సారక్క మంచం మీంచే తనవాళ్ళకు కబురు పంపింది.

అప్పటినుంచి దెబ్బ తిన్నవాళ్ళను తేవాలన్నా, మంచు పట్టుకోవాలన్నా, రెండు వైపుల నుంచీ ఎవరో ఒకరు వచ్చి "డాక్టరమ్మా, జర కుక్కర్ పెట్టు" అనేవాళ్ళు. ఆవిడ పప్పు పెట్టేది. వండింది పారెయ్యలేరు కదా, వచ్చినవాళ్ళు తినిపోయేవాళ్ళు. పైవాళ్ళకు ఉప్పు చాలదు, కిందివాళ్ళకు పులుపు చాలదు. తుపాకులతో తేలని తగవు చింతపండు దగ్గర ఇంకా తీవ్రంగా నడిచింది. మా సేవవాళ్ళ ప్రధాన కార్యాలయం మాత్రం ఇదంతా తమ దౌత్యమని లోకానికి ప్రకటించుకుంది. ఆ ప్రకటనలో నా పేరు లేదు. పప్పు పేరూ లేదు.

పేరిందేవిని ఇంకో యుద్ధానికి రమ్మన్నారు. పెద్దమ్మ బయల్దేరేముందు ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని సామాన్ల పెట్టె దాకా వెళ్ళింది. తర్వాత వెనక్కి తెచ్చి పొయ్యి మీదే పెట్టేసి, "మా అత్తకు తెలిస్తే చంపుతుంది" అనుకుంటూ వెళ్ళిపోయింది. సారక్క, కట్టెకాలుతో సమ్మయ్య కలిసి క్యాంటీన్ నడపడం మొదలుపెట్టారు. చాలాకాలం కూశాను. కానీ రబ్బరు ఎన్నాళ్ళుంటుంది? ఒకరోజు మంచు దగ్గర మాటా మాటా పెరిగి మళ్ళీ రివెట్లు ఎగిరాయి. సారక్క పరుగున నన్ను పొయ్యెక్కించింది. ఆవిరి మూత చుట్టూ కారిపోయింది. ఎంత మంట పెట్టినా నా గొంతు లేవలేదు. కొత్త రబ్బరు కావాలంటే భూమి దాకా పోవాలి.

సారక్క నన్ను పొయ్యి మీదే వదిలేసి సొరంగం మొగదలకు పోయింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, నా నట్టు గొంతును అచ్చుగుద్దినట్టు ఒక కూత కూసింది. కింద తుపాకులు ఆగాయి. పైన ఆగలేదు. ఆవిడ ఊపిరి తీసుకునేలోపు పై సొరంగంలోంచి, కట్టెకాలి చప్పుడు వెంట, ఇంకో కూత వచ్చింది. ఆ తర్వాత అక్కడా నిశ్శబ్దమైంది.

ఇప్పుడు నన్ను మూత లేకుండా క్యాంటీన్ అరలో పెట్టారు. లోపల ఉల్లిపాయలు పోస్తారు. గుట్టలో పిల్లలకు నడక వచ్చీరాగానే ఆ కూత నేర్పిస్తున్నారు. కొందరికి శ్రుతి కుదరదు. వింటుంటే ఒళ్ళు మండుతుంది. అయినా తుపాకులు ఆగుతున్నాయి.