ఏడుపు కంటే ముందు మోగిన బాకా

బాకా మూతిని శాలువా అంచుతో ఇంకోసారి తుడిచి, బెయెనె మళ్ళీ కిందికి చూశాడు. పిండిమర పక్కనున్న మిట్ట మీదనుంచి జెనెబెచ్ ఇంటి కప్పు కనిపిస్తుంది, తలుపు కనిపించదు. అలికిడి లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎవరిదో కుక్క వచ్చి అతని కాళ్ళు వాసన చూసి, తెలిసిన మనిషేలే అన్నట్టు పక్కకి పోయి పడుకుంది.

అతనికి ఆ మిట్ట కొత్త కాదు. పగలంతా రేకుపని. పాత నూనె డబ్బాలు కోసి దీపాలు, గరాటులు, కాఫీ గింజలు వేయించే పెనాలు చేస్తాడు. మిగిలిన బతుకంతా సంఘానిదే. మా ఊళ్ళో ఎవరు పోయినా ఇద్దిర్ సంఘమే దగ్గరుండి సాగనంపుతుంది. గుడారం, బల్లలు, పెద్ద వంటపాత్రలు అన్నీ సంఘానివే. ఆ పాత్రల చిల్లులు పూడ్చేది బెయెనె, గుడారం గుంజలు భుజాన మోసేది బెయెనె, తెల్లవారుజామున బాకా ఊది ఫలానావాళ్ళు పోయారు రండహో అని కేకేసేది బెయెనె. దేనికీ కూలి పుచ్చుకోడు. "బెయెనె బాకా వినకుండా ఈ ఊళ్ళో ఎవడూ కడసారి గడప దాటలేదు" అని అతన్ని మెచ్చుకునేవాళ్ళు. పైకి అబ్బే అనేవాడు గానీ, ఇంటికి పోయి ఆ మాట పెళ్ళాం తిరునేష్‌కి పూసగుచ్చినట్టు చెప్పుకునేవాడు.

ఈసారి పోయింది జెనెబెచ్ ఒక్కగానొక్క కొడుకు మెస్ఫిన్. జిబూతీ దారిలో అతని లారీ బోల్తా కొట్టింది. నిన్న సాయంత్రం సంఘం పెద్ద దామ్తెవ్‌కి ఫోనొచ్చింది. తల్లికి ఇంకా తెలియదు. ఇలాంటి కబురు మా దగ్గర నోటికొచ్చినట్టు చెప్పరు. తెల్లవారకముందే పెద్దలూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కలిసి తలుపు తడతారు. మనిషిని మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరు ఆడవాళ్ళు చెరో భుజం పట్టుకుంటారు. అప్పుడు చర్చి గురువు నోరు విప్పుతాడు. దాన్ని మెర్దో అంటాం. లోపల ఏడుపు లేచాకే బయట బాకా. ఈ సంగతి బెయెనెకి ఒకరు నేర్పక్కర్లేదు.

కానీ ఏడుపు లేవలేదు. తూర్పున తెలుపెక్కుతోంది. సంతరోజు కావడంతో కింద బాటలో అప్పుడే గాడిదలు కదిలాయి. ఒకసారి సంతకు పోయారంటే ఇక మధ్యాహ్నం శవం వచ్చేసరికి ఊళ్ళో ఎవరుంటారు, గొయ్యి ఎవరు తవ్వుతారు? ఈపాటికి పెద్దలు లోపలికి పోయే ఉంటారు, ఎదురుగాలికి ఏడుపు వినబడలేదేమో అనుకున్నాడు. ఆ అనుకోవడం వెనక ఇంకో సంగతి నక్కి ఉంది. బెయెనె బాకా ఇవాళ ఆలస్యమైందని రేపు జనం అంటారు. అది అతనికి తర్వాత తట్టింది, తట్టాక ఇక వదల్లేదు.

బాకా ఎత్తి ఊదాడు. "జెనెబెచ్ కొడుకు మెస్ఫిన్ పోయాడు! రండహో! మెస్ఫిన్ పోయాడు!" అని నాలుగు దిక్కులా తిరిగి గొంతెత్తి అరిచాడు.

పెద్దలు లోపలికి పోలేదు. గురువు ఇంకా రాలేదని దామ్తెవ్ అరుగు మీదే కూర్చుని ఉన్నారు. జెనెబెచ్ అయితే ఇంట్లోనే లేదు. పొయ్యి రాజేసుకోవడానికి పక్కింట్లో పెంకు మీద నిప్పులు పెట్టించుకుని సందులో నడిచొస్తోంది. మెస్ఫిన్ అన్న పేరు మొదటిసారి వినగానే నిలబడిపోయింది. రెండోసారికి పెంకు జారి నిప్పులు ఆమె పాదం మీద పడ్డాయి. అందరూ పరుగెత్తుకొచ్చేసరికి మట్టిలో కూర్చుని ఉంది. కాలు కాలుతోందని ఎవరో చెప్పి నిప్పు దులపాల్సి వచ్చింది. దామ్తెవ్ తలెత్తి మిట్ట వైపు చూశాడు. ఒక్క తిట్టు తిట్టినా బావుండేది. చూశాడంతే.

బెయెనె నేరుగా కొట్టుకి పోయాడు. ఎక్కడికి పోవాలో తెలియక పోయాడు. డబ్బా రేకు పరిచి కత్తెర ఆడించాడు గానీ గీత ఒక దారి, కత్తెర ఒక దారి. ఆ ముక్క మూలకి గిరాటేసి ఇంకోటి తీశాడు. అదీ అంతే అయింది. మాట అప్పటికే ఊరంతా పాకిపోయింది. దీపం అడగడానికొచ్చిన మనిషి దీపం సంగతే మరిచి అతని మొహం చూసి పోయాడు. ఎదురుగా టీ అమ్మే ఫాతుమా నోరు మంచిది కాదు.

"ఏం గాషే, నాకు రెండ్రోజుల్నుంచి దగ్గు. కాస్త ఆగుతావా, ఇప్పుడే ఊదేస్తావా?"

బల్ల మీదున్నవాళ్ళు నవ్వారు. గాషే అనే మర్యాద పిలుపు కూడా ఆ పూట చెంపదెబ్బలా తగిలింది. పక్క కొట్టు దర్జీ సయీద్ ఒక్కడే కసిరాడు. "నోరు మూస్తావా ఫాతుమా! నీ మొగుడు పోయిన్నాడు మీ ఇంటికి నీళ్ళు మోసింది ఎవరు?" దానితో నవ్వులు ఆగాయి. బెయెనెకి మాత్రం నవ్వుల కంటే ఆ వెనకేసుకురావడమే ఎక్కువ గుచ్చుకుంది. వేలు తెగినా చూసుకోలేదు.

పొద్దు నెత్తికెక్కాక తిరునేష్ ఇంజెరా రొట్టెల మూట పట్టుకుని వచ్చింది. మూట విప్పలేదు.

"ఎందుకూదావు?"

"పొద్దెక్కుతోందని."

"పొద్దెక్కితే ఎవడి సొమ్ము పోయింది?"

అతను సుత్తి అటు పెట్టి ఇటు పెట్టాడు.

"పో. పోయి ఆవిడ కాళ్ళ మీద పడు" అంది తిరునేష్. "అక్కడ గుడారం కూడా వేసేశారు. నువ్వు లేకుండా వేశారు, తెలుసా? సంఘంలో చావు జరిగి నువ్వు రాని ఇల్లు ఇదొక్కటే అవుతుంది."

"ఏ మొహం పెట్టుకుని పోను?"

"ఉన్న మొహమే పెట్టుకుని పో. ఇంకోటి ఎక్కడ తెస్తావు?"

వెళ్ళాడు. వాకిట్లో గుడారం గుంజ ఒకటి పక్కకి ఒరిగి ఉంది. చేతులు ఊరుకోక దాన్ని నిలబెట్టి తాడు బిగించాడు. అలా బిగిస్తుంటే బల్లల మీద మగవాళ్ళంతా తననే చూస్తున్నారని తెలిసి, దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా తాడు వదిలేశాడు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ జరిగి చోటివ్వలేదు కూడా.

లోపల జెనెబెచ్ చాప మీద ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు, పాదాలు ముద్దుపెట్టుకుందామని వంగాడు. ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డలోంచి తేనె పూత కారి మరక కట్టింది. అది చూశాక వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"బెయెనే" అంది ఆమె. "నా కొడుకు పోయాడని ఊరంతా విన్నాక విన్నాను నేను. కన్నదాన్ని, అందరితో పాటు విన్నాను. చేతిలో నిప్పులున్నాయి. అవి కింద పెట్టుకునే సందు కూడా ఇవ్వలేదు నువ్వు."

"అక్కా... పొద్దెక్కుతోందని..."

"నీ పొద్దు!" అంది. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "అతనికి గుగ్గిళ్ళు పెట్టండి" అంది.

చావింట్లో పెట్టిన గుగ్గిళ్ళు కాదనకూడదు. గోధుమలూ శనగలూ దోసిట్లో పోశారు. ఒక్కొక్క గింజే నోట్లో వేసుకున్నాడు. వెళ్ళగొట్టి ఉంటే వీధిలోకి పోయి ఏడ్చుకునేవాడు. క్షమించి ఉంటే అక్కడే ఏడ్చేవాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. శవం వచ్చేదాకా ఆ మూలనే దోసిలి పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం గొయ్యి పూడ్చి తిరిగొస్తూ బాకా తీసుకెళ్ళి దామ్తెవ్ చేతిలో పెట్టాడు. దామ్తెవ్ వద్దనలేదు. బాకా మంగలి కెబెదెకి పోయింది.

ఆ తర్వాత కూడా సంఘం పని మానలేదు, ఇంకా ఎక్కువ చేశాడు. గొయ్యి తవ్వడానికి ముందు అతనే దిగేవాడు, చివర అతనే పైకొచ్చేవాడు. కానీ ఎవరైనా మెచ్చుకోబోతే లేచి వెళ్ళిపోయేవాడు. జెనెబెచ్ ఇంటి సందు తొక్కేవాడు కాదు, చర్చికి పోవాలన్నా చుట్టూ తిరిగి పోయేవాడు. ఆమె తన చిల్లు బిందెని పొరుగూరి సంతకి మోసుకుపోయి అతికించుకొచ్చేది, అతని కొట్టు ముందునుంచే. అది కనబడిన రోజు బెయెనె అన్నం ముట్టేవాడు కాదు. "పోయి అడగవయ్యా, బిందె ఇటివ్వమని అడుగు" అని తిరునేష్ పోరేది. అడగలేకపోయాడు. వానాకాలాలు వచ్చాయి, పోయాయి. అడగలేకపోయాడు.

ఒక చలికాలం కడుపునొప్పి పట్టుకుంది. దెస్సీ పట్నం ఆసుపత్రిలో చేర్చారు. మేనల్లుడు తోడున్నాడు. ఉతికిన బట్టలు తెస్తానని తిరునేష్ ఇంటికొచ్చిన రోజే, దీపాలు పెట్టే వేళకి, బెయెనె పోయాడు. మేనల్లుడు దామ్తెవ్‌కి ఫోను చేసి ఏడుస్తూ మావయ్య ఆఖరి కోరిక చెప్పాడు. "నన్ను తీసుకెళ్ళేటప్పుడు జెనెబెచ్ ఇంటి ముందునుంచి వద్దు. వెనక సందునుంచి తీసుకుపొండి" అన్నాడట.

దామ్తెవ్ ఆ మాట కడుపులో దాచుకోలేకపోయాడు. పోయి జెనెబెచ్‌కి చెప్పాడు. "వెధవ. ఇన్నాళ్ళూ మోశాడా?" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "నేను మాత్రం! దించమని ఒక్క మాట అన్నానా?"

తెల్లవారకముందే దామ్తెవ్ అరుగు మీదికి అందరికంటే ముందు కుంటుకుంటూ వచ్చింది ఆమే. కెబెదె అప్పటికే బాకా పట్టుకుని మిట్ట వైపు బయల్దేరుతున్నాడు.

"ఒరేయ్, ఆగు. గురువు రాలేదు" అంది. "నేను తిరునేష్ ఇంట్లోంచి బయటికొచ్చి చెయ్యి ఊపేదాకా ఊదావంటే, కాళ్ళు విరగ్గొడతాను. పొద్దెక్కనీ. నడినెత్తికెక్కనీ."

పొద్దెక్కింది కూడా. గురువు వచ్చాకే కదిలారు.

తిరునేష్ తలుపు తీసేసరికి దెస్సీకి మొదటి బస్సు వేళయిపోతోందన్న కంగారులో ఉంది. బెయెనె చొక్కా తిరగేసి ఉతికి ఆరేసిందేమో, ఇప్పుడు మంచి వైపుకి తిప్పుతోంది. గుమ్మంలో అంతమందిని చూసింది. ముందు నిలబడ్డ మనిషిని చూసింది.

"జెనెబెచ్ అక్కా, నువ్వా? మా ఇంటికి నువ్వొచ్చావేంటి?"

"వస్తానమ్మా. ముందు నీ చేతిలోది ఇలా ఇయ్యి."

చొక్కా తీసుకుని గోడవారన బల్ల మీద పెట్టింది. తిరునేష్‌ని చాప మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, ఒక చేత్తో భుజం, ఒక చేత్తో రెండు చేతులూ కలిపి పట్టుకుంది. పట్టు కుదిరిందని తెలిశాకే గురువు వైపు చూసి తలూపింది.

బల్ల మీద ఆ చొక్కా ఒక చెయ్యి మంచి వైపుకి వచ్చి, రెండో చెయ్యి ఇంకా లోపలే ఉండిపోయింది.