సున్నా అని చెప్పిన దీవి

అతిథులు వస్తున్నారంటే ఆ దీవి మనుషులకు ఒళ్లు తెలియదు. రాజధాని నుంచి నలుగురు ఆఫీసర్లు వస్తారని రేడియోలో కబురు అందిన రోజు నుంచి ఊరు ఊరంతా ఊడ్చుకోవడమే పని. ఊరి పెద్దలు కూడే సావిడి, మనియాబా, కప్పుకు కొత్త ఆకు నేశారు, కొత్త చాపలు పరిచారు, పెళ్లికి దాచుకున్న పందుల్ని కూడా కోశారు. ముప్పై మూడు దీవుల దేశంలో తమ దీవిని మించింది లేదని ఆ నలుగురి చేత అనిపించుకోకపోతే ముసలాళ్లకు ముద్ద దిగదు.

ఆఫీసర్లు తెచ్చింది ఒక నీలం అట్ట పుస్తకం. మతి చెదిరినవాళ్లకు ప్రభుత్వం ఏమేం చేయబోతోందో అందులో రాసి ఉంది. మనియాబాలో ఎవరి వంశం స్తంభం దగ్గర వాళ్లు కూర్చున్నారు. వంశానికొక పెద్దాయన ముందు, మిగతావాళ్లు వెనక. భోజనాలయ్యాక పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"మీ దీవిలో మతి సరిగ్గా లేనివాళ్లు ఎంతమంది ఉంటారండీ? లెక్క రాసుకుని పోతాం."

జవాబు చెప్పాల్సింది నకిబాయె. పెద్దలందరిలోకీ పెద్ద ఆయనే. ఆయన వెనకే మేనకోడలు కౌమాయి కూర్చుని ఉంది. ఆమె తమ్ముడు బాకోవా ఆ పూట అతిథులకు తనే తీపి కల్లు పోసి, తలొంచుకుని బయటికి వెళ్లాడు.

"ఒక్కరూ లేరు బాబూ," అన్నాడు నకిబాయె. "మాది మంచి దీవి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరు సున్నా చుట్టి, పెద్దల చేత సంతకాలు పెట్టించుకున్నాడు.

నర్సు టిరిబో బయట, గిన్నెలు కడిగేవాళ్ల పక్కన కూర్చుని వింటోంది. వేరే దీవి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, ఆమెకు అక్కడ స్తంభం లేదు. స్తంభం లేనివాళ్లకు నోరూ లేదు. సగం లేచి మళ్లీ కూలబడింది. కౌమాయికి నోరు లేకపోయినా చెయ్యి ఉంది. ముందున్న పెద్దాయన తప్పు చెబితే వెనకున్న ఆడవాళ్లు చొక్కా పట్టి లాగడం అక్కడ మామూలే. ఆమె లాగలేదు.

నిజం చెప్పాలంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. పన్నెండేళ్లు ఆ తమ్ముణ్ణి ఇంటి వెనక గుడిసెలో కాలికి తాడు కట్టి ఉంచారు. అతనికి ముద్ద పెట్టడంలోనే ఆమె పెళ్లి వయసు దాటిపోయింది. మూడేళ్ల కిందట టిరిబో వచ్చి నెలకొక సూది వేయడం మొదలుపెట్టింది. ఐదో నెలలో అతను కల్లు గీసే కత్తి అడిగాడు. కౌమాయి భయపడుతూనే ఇచ్చింది. చెట్టెక్కి, గీతగాళ్లందరూ పాడినట్టే, పైనుంచి పాట అందుకున్నాడు. అలాంటి తమ్ముడు పిచ్చివాడు కాడని మేనమామ నిండు మనియాబాలో చెబుతుంటే చొక్కా లాగడానికి ఏ అక్కకు చెయ్యి వస్తుంది?

తర్వాతి ఓడలో ఆసుపత్రికి మూడు పెట్టెలు వచ్చాయి. మూడింటి నిండా గోడలకు అంటించే బొమ్మ కాగితాలు. నవ్వుతున్న కుటుంబం, కింద పెద్ద అక్షరాల్లో 'ఎవరినీ వదిలిపెట్టం'. సూది మందు మాత్రం లేదు. టిరిబో రేడియో ముందు రెండు రోజులు గొంతు చించుకుంది.

"ఏమన్నారు సిస్టరమ్మా?" అని అడిగింది కౌమాయి.

"ఏమంటారు. లెక్కను బట్టే మందంట. మీ పెద్దలే సున్నా అన్నారు, సున్నా మందికి సూదులెందుకు అంటున్నారు. లెక్క తప్పని ఆ పెద్దలే మళ్లీ సంతకాలు పెట్టి పంపాలంట. నా దగ్గర ఒక్క సీసా ఉంది. ఈ నెలకు సరి."

కౌమాయి చేపల కూర గిన్నె పట్టుకుని మేనమామ ఇంటికి వెళ్లింది. ఆయన గిన్నె మూత తీసి వాసన చూశాడు.

"ఏదో పని మీదే వచ్చావ్. చెప్పు."

"మావయ్యా, ఆ లెక్క దిద్దాలి. వాడికి మందు ఆగిపోతంది."

"మనియాబాలో చెప్పిన మాట దిద్దేదేంటే? అన్నం పెట్టి మరీ అబద్ధం చెప్పామని మన చేత్తో మనమే రాసివ్వాలా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది."

"నిజం అదే కదా."

"వాడు బాగున్నాడు కాబట్టే లేరన్నాను. వాడి మంచికే అన్నాను." ముసలాయన గొంతు తగ్గింది. "అయినా నువ్వు నా వెనకే ఉన్నావు కదే. చొక్కా ఎందుకు లాగలేదు?"

కౌమాయి గుమ్మం వైపు తిరిగింది. గిన్నె అక్కడే వదిలేసి వచ్చేసింది. ఇంటికి వచ్చాక తనను తానే తిట్టుకుంది. ఊరిని తిట్టుకోవడం తేలిక, తన చెయ్యే ఊరుకున్న సంగతి మింగుడు పడడం కష్టం.

చివరి సీసా అయిపోయిన ఆరో వారంలో చెట్టు మీద పాట ఆగింది. బాకోవా దిగి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"అక్కా, మళ్లీ నీళ్లలోంచి పిలుస్తున్నారు. అది జబ్బని ఇవాళ నాకు తెలుస్తంది. వచ్చే వారం తెలీదు. ఆ తాడు నాకొద్దక్కా. నేనే పోయి చెప్తా."

ఎంత చెప్పినా ఆగలేదు. శనివారం పెద్దలు కూర్చున్నప్పుడు నడుం వంచి లోపలికి వెళ్లి, తమ స్తంభం దగ్గర మేనమామ పక్కన కూర్చున్నాడు. కౌమాయి వెనకే వెళ్లింది.

"పెద్దలకు దండం," అన్నాడు. "ఈ దీవిలో ఒక పిచ్చోడున్నాడు. నేనే. నా పేరు రాసి పంపండి."

యురియాం అనే పెద్దాయన నవ్వాడు. చిక్కుముడి కనిపిస్తే విప్పడం కన్నా బిగించడం అంటేనే ఆయనకు సరదా.

"ఒరే అబ్బాయ్, పిచ్చోడి మాట మనియాబాలో చెల్లదు. అది తాతలనాటి కట్టుబాటు. నువ్వు పిచ్చోడివైతే నీ మాట మేం వినకూడదు. నీ మాట వినదగ్గదైతే నువ్వు పిచ్చోడివి కావు. ఎటు చూసినా సున్నానే కదరా."

మిగతావాళ్లు కూడా నవ్వారు. బాకోవా నవ్వలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు ఒక్కొక్కరి మొహమే చూశాడు. నకిబాయె చాప మీది ఈనెలు పీకుతూ ఉండిపోయాడు.

అప్పుడు కౌమాయి లేచింది. పెద్దల ముందు నుంచి పోయేవాళ్లు నడుం వంచి, చెయ్యి నేలకు దించి పోవాలి. ఆమె నిటారుగా, నడిమధ్య నుంచి నడిచింది. దారిలో ఇద్దరు పెద్దలకు వీపు చూపింది. యురియాం ముందు ఆగి, ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, చంటిపిల్లాణ్ణి నిమిరినట్టు నిమిరింది. ఆ దీవిలో పరాయి మనిషి తల ముట్టుకోవడం కన్నా చెంప మీద కొట్టడం నయం.

"ఇప్పుడు రాసుకోండి," అంది. "పేరు కౌమాయి."

యురియాం మొహం నల్లబడింది. "దీనికి మతి పోయింది," అన్నాడు. ఎంత చిన్న సంగతికైనా మూడు రోజులు వాదించుకునే ఆ పెద్దలు ఈ ఒక్క మాట మీద మాత్రం చిటికెలో ఏకమయ్యారు. ఆ పూటే కాగితం తయారైంది. మొన్న లేరు, ఇవాళ ఒకతె తయారైంది కాబట్టి దీవి మాట తప్పినట్టూ కాలేదు. నకిబాయె అందరికన్నా చివర సంతకం పెట్టాడు, మేనకోడలి వైపు చూడకుండా.

మందు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ బాకోవా గుడిసెలోనే ఉన్నాడు. సీసా మీద కౌమాయి పేరు ఉంది. టిరిబో ఆ పేరును వేలితో మూసి తమ్ముడికి సూది వేసింది, పుస్తకంలో అక్క పేరు రాసుకుంది. ఏడాది తిరిగేసరికి అతను మళ్లీ చెట్టెక్కాడు, మళ్లీ పాడాడు, మేనమామ పక్కన కూర్చుని చేపల వేట సంగతులు కూడా మాట్లాడుతున్నాడు.

కౌమాయిని మాత్రం విందులకు పిలవడం మానేశారు. ఆమె వాటా ఆకులో చుట్టి ఇంటికి పంపుతారు. ఆమె కనిపిస్తే తల్లులు పిల్లల్ని పక్కకు లాక్కుంటారు. ఆమె ఎండబెట్టిన చేప కొనేవాళ్లు లేరు. నిజం తెలిసిన వాళ్లూ అలాగే చేశారు. రాసిన కాగితానికి అంత బలం ఉంది మరి.

ఆఫీసర్లు మళ్లీ లెక్కకు వస్తున్నారని తెలిసిన సాయంత్రం బాకోవా అక్క దగ్గరకు వచ్చాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు.

"అక్కా, రేపు నువ్వు అటు రాకు. మావయ్య చెప్పమన్నాడు." నేల చూస్తూ అన్నాడు. "నాకూ అదే మంచిదనిపిస్తంది. అందరి ముందూ ఎందుకు?"

"నేను రాకపోతే సున్నా అంటారురా."

"అననీ. నాకిప్పుడు బాగానే ఉంది కదా. ఇంక ఆ సూది ఎందుకు?"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కౌమాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు నిజంగానే అలా నమ్ముతున్నాడు, ఆ నమ్మకమూ ఆ మందు పెట్టిందే. ఆ మాట వాడికి చెప్పే మనసు రాలేదు.

"సరేలేరా," అంది.

తెల్లారి వెళ్లింది. లోపలికి పోలేదు, టిరిబో పక్కన గిన్నెల దగ్గర కూర్చుంది. పెద్ద ఆఫీసరు పుస్తకం తెరిచి ఎంతమందని అడిగాడు. నకిబాయె నోరు తెరిచి, స్తంభాల మధ్య నుంచి ఆమెను చూశాడు.

"ఒకరు," అన్నాడు.

"ఎవరు?"

ముసలాయన గడ్డం ఎత్తి చూపించాడు. నలుగురు ఆఫీసర్లూ మెడలు తిప్పారు. ఆయన పక్కన బాకోవా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పెద్ద ఆఫీసరు ఆమెను పైనుంచి కిందికి చూసి, కలం పట్టుకుని తటపటాయించాడు.

"ఈవిడా? బాగానే ఉన్నట్టుందే."

కౌమాయి పొద్దున్నే నూనె రాసి దువ్వుకున్న ముడి మీదికి చెయ్యి పోనిచ్చి, జుట్టంతా విప్పి మొహం మీదికి వేసుకుంది.