పెరట్లో గులాబీ జెండాలు

"ఆపండి! బండి ఆపండి!"

సర్వేయరమ్మ గేటు తోసుకుని పెరట్లోకి పరుగెత్తేసరికి పొక్లెయిన్ తొట్టి గాల్లో ఉంది. దాని పళ్ల కింద తుంగ గుబురు వణుకుతోంది. ఆమె సూటిగా వెళ్లి ఆ గుబురు మధ్యలో నిలబడింది. బూట్లు చీలమండల దాకా బురదలో దిగబడ్డాయి. డ్రైవర్ ఇంజను ఆపేసి కిందికి దూకాడు.

"ఏంటి మేడం ఇది! ఇంకాస్త ఉంటే ప్రాణాలు పోయేవి. మీరు పెట్టిన జెండాలు నేను దాటలేదు, చూసుకోండి."

అతను చెప్పింది నిజమే. గులాబీరంగు జెండాలు ఇంకా బండికి అవతలే ఉన్నాయి. "కానీ ఇవి నేను పెట్టిన చోట లేవు!" అంది ఆమె.

అది ఆమె పుట్టి పెరిగిన ఇల్లు. తండ్రి దర్జీ. ముందుగదిలో మోకాళ్లు తగులుకుంటూ కుట్టే ఆడవాళ్ల కోసం పెరట్లో ఒక హాలు కట్టాలని ఆయన ఆశ. పెరడులో సగం చిత్తడి నేల. దాన్ని పూడ్చి కట్టకూడదు. ఎక్కడిదాకా చిత్తడి, ఎక్కడినుంచి పొడి అన్నది తేల్చి గీత గీసే పని తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. 'సొంత పెరడుకు సొంత కూతురే కొలతా!' అని వీధి అప్పుడే గొణిగింది.

ఇప్పుడు ఆ గొణుగుడు గోడ మీదికి ఎక్కింది. పల్లంలో ఉన్న పక్కింటి టీచరమ్మ తల పైకెత్తి చూస్తోంది. ఆమె వెనక మరో నాలుగిళ్లవాళ్లు.

"బాగుందమ్మా! వాననీళ్లు నా వంటింట్లోకి రాకుండా ఈ బురదే పీల్చుకుంటోందని చెప్పింది నువ్వే కదా? నాన్నగారి హాలుకి చోటు చాలలేదని గీత జరిపేశావా?"

"నేను జరపలేదు టీచరమ్మా."

"అయితే ఈ డ్రైవరే! ఎంత ఎక్కువ తవ్వితే అంత కూలి మరి."

డ్రైవర్ రెండు చేతులూ జోడించాడు. "అన్యాయం టీచరమ్మా! ఈ మాట మా ఓనరు చెవిన పడితే రేపటినుంచి నన్ను బండి ఎక్కనివ్వడు."

మెడలో టేపు వేలాడుతుండగా దర్జీ మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. "గాలికి జరిగుంటాయి లేమ్మా. ఎందుకింత రాద్ధాంతం?"

"గాలికి పడిపోతాయి మాస్టారూ, నడిచివెళ్లి వరసలో నిలబడవు!" అంది టీచరమ్మ. గోడవతల ఎవరో కిసుక్కుమన్నారు.

సర్వేయరమ్మ ఒక జెండా మొదట్లో మోకాళ్లూని, గడ్డి పక్కకు తీసి చూసింది. నేల మీద తవ్విన గుర్తే లేదు. వెనక్కి నడిచి, ఇంటివైపు ఒకచోట ఆగింది. అక్కడ గడ్డిలో బూడిదరంగు మట్టిబిళ్ల. ఇంకాస్త దూరాన మరొకటి.

"జెండా పెట్టే ప్రతిచోటా నేలను తొలిచే బరమాతో తవ్వి చూస్తాను. చూశాక అదే మట్టిని తీసిన వరసలోనే వేసి పూడుస్తాను. చివర్లో తీసిన అడుగుమట్టి పైకి వస్తుంది. ఇదిగో!" బిళ్ల విరిచి గోడమీద పెట్టింది. "నీళ్లు నిలిచే నేలకు గాలి అందదు, మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. గడ్డివేళ్లు పోయిన దారిలో ఈ తుప్పు చారలు. నేను గీసిన గీత ఈ బిళ్లల వెంట ఉంది. బండి దాన్ని దాటేసింది."

టీచరమ్మ మట్టి నలిపి చూసింది. "గీత సరే. మరి జరిపిందెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం సర్వేయరమ్మ కొత్త వరస వైపు తిరిగింది. మొదటి జెండా పక్కన మళ్లీ మోకాళ్లూని వరస పొడవునా చూసింది.

తన గీత మెలికలు తిరిగి ఉంటుంది. మట్టి ఎక్కడ మారితే అక్కడ జెండా, ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా. ఈ వరస అలా లేదు. సాఫీగా వంపు తిరిగింది. జెండాకీ జెండాకీ మధ్య ఒకే ఎడం. పుల్లలన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి, గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చినట్టు. ఆ వాలు ఆమె పసితనంనుంచీ చూస్తున్నదే.

పిల్లలెవరో పీకారని ఒక్క మాట అంటే నాన్న పరువు నిలుస్తుంది. కానీ డ్రైవర్ మీద అనుమానం అలాగే ఉండిపోతుంది. టీచరమ్మ ఇక ఏ గీతనూ నమ్మదు.

ఆమె లేచి నిలబడింది.

"ఈ గీత నేను గీసింది కాదు, నీళ్లు గీసుకున్నది. నేను కనిపెట్టానంతే. పెరడు మనదే కావచ్చు, అందులోకి చేరే నీళ్లు వీధి మొత్తానివి. వాటి చోటు మనం లాక్కుంటే అవి పక్కింట్లో చోటు వెతుక్కుంటాయి. ఆ పని ఎవరు చేసినా తప్పే, నా ఇంట్లోవాళ్లు చేసినా సరే. డ్రైవర్ ఏ పాపం ఎరగడు." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "అంచు ఇంత తీరుగా గుచ్చే చెయ్యి ఈ వీధిలో ఒక్కటే ఉంది. నాన్నా..."

దర్జీ మాస్టారు గుమ్మం దిగి బురదలోకి నడిచి, ఆమె పక్కన నిలబడ్డారు. సిగ్గుతో కిందికి దిగిన తల మెల్లగా పైకి లేచింది.

"బురదే కదా, ఎవరికి నష్టంలే అనుకున్నాను. హాలు చిన్నదే కడతాను," అన్నారు, గోడవతలి వాళ్లందరికీ వినపడేలా. "జరిపిన దొంగను నేనే టీచరమ్మా. పట్టుకున్నది నా కూతురు!"