కాచిన నీళ్లు

టోపీ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి వెంట నలుగురు కుర్రాళ్లు, నీళ్లు వడగట్టే డ్రమ్ము. జీపు ఆగిపోయిన చోటి నుంచి దాన్ని భుజాల మీద మోసుకొచ్చి, రొప్పుతూ నిలబడ్డారు. నేను అరుగు దిగలేదు.

పోయిన వానాకాలం ఇదే అమ్మాయి ఏదో సేవా సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగింది. "ఊట నీళ్లు మంచివి కావు, కాచి తాగండి," అని చెప్పి కొండ దిగిపోయింది. మంచి మనసుతోనే చెప్పింది. మంచి మనసు ఉంటే చాలనుకునేవాళ్లంటే నాకు పడదు.

మా కొండ మీద నీళ్లు మరిగించడాన్ని ఉడకేయడం అంటారు. కాయడమంటే కాపలా ఉండటం. చేను కాస్తారు, మేకల్ని కాస్తారు. కింద బడిలో చదివాను కనుక రెండో అర్థం నాకు తెలుసు. కానీ అప్పుడు కలప డిపోలో పనికి పోయి ఉన్నాను. మా ఆవిడ బడి మొహం చూడలేదు. కర్ర తీసుకుని, గోనెపట్టా కప్పుకుని, వానలో ఊట పక్కన కూర్చుంది.

నేను వచ్చేసరికి మంచాన పడి ఉంది. కళ్లు లోపలికి పోయాయి.

"ఒక్క గొడ్డును దిగనివ్వలేదయ్యా. ఆ పిల్ల చెప్పినట్టే కాచాను. అయినా విరేచనాలు ఆగట్లేదు."

"పొయ్యి మీద పెట్టలేదా?"

"నీళ్లు పొయ్యి మీద పెట్టి ఏం వండను, కూరా?" అని నవ్వబోయింది.

మంచంతోనే కిందికి మోసుకెళ్తుంటే దారిలో పోయింది.

ఇప్పుడు డ్రమ్ము చుట్టూ అందరూ చేరారు. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు.

"పోయినసారి నీ మాట విన్న మనిషి మట్టిలో కలిసింది. ఈసారి ఎవరి వంతు తల్లీ?" అంది పక్కింటి వదిన.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నేనే చెప్పాను, మాట మాటా విడమరిచి. ఆమె టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదు తాతా."

"నువ్వెవరినీ అడగలేదు."

కోడలి చంకలో మనవడు వేలాడుతున్నాడు. నిన్నటి నుంచి వాడికీ విరేచనాలే. పెదాలు ఎండిపోయాయి.

"మామయ్యా, పట్టనా?" అంది కోడలు.

అందరూ నా వైపు చూశారు. నేను వద్దంటే ఆ నీళ్లు ఎవరూ తాగరు. వద్దనే అనాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాడు ఏడవడానికి నోరు తెరిచాడు. గొంతు రాలేదు.

అరుగు దిగి, గ్లాసు నింపుకుని తాగాను. కొత్త ప్లాస్టిక్ వాసన.

"పట్టు," అన్నాను.

వాడు గ్లాసు అంచును పళ్లతో పట్టుకుని తాగాడు.

"తాతా, నన్ను..." అంటూ ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"నా సంగతి వదిలెయ్. డ్రమ్ము పాడైతే ఏం చెయ్యాలో వాళ్లకి చెప్పు."

ఆమె వాళ్ల వైపు తిరిగింది. "నీళ్లు కా..." అని ఆగిపోయింది. నేను మాట అందించలేదు.

"ఉడకేసి తాగండి," అంది చివరికి.

వదిన తలూపింది. నేను ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.